హోంవర్క్ దగ్గర అరుస్తున్నాను, రాత్రి కూర్చుని ఏడుస్తున్నాను: తల్లికి కౌన్సెలింగ్ పనిచేస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బాబు మూడో తరగతి, పాప యూకేజీ. సాయంత్రం పుస్తకాలు తీసేసరికి ఇంట్లో యుద్ధం మొదలవుతోంది. అరుస్తున్నారు, రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నారు, పిల్లలు పడుకున్నాక వంటింట్లో ఒక్కరే ఏడుస్తున్నారు. మీవారు "కౌన్సెలింగ్‌కి వెళ్లు" అన్నారు. వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా, అక్కడ ఏం చేస్తారు, అసలు కౌన్సెలింగ్ కావాల్సింది నాకా బాబుకా, పిల్లాణ్ణి కొట్టానని చెబితే నన్ను తప్పుగా చూస్తారా అని అడిగారు.

నేను హనుమకొండలో 17 ఏళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. అంతకుముందు ఆరేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో ఉన్నాను. కాబట్టి ఈ గొడవను స్కూలు వైపు నుంచీ చూశాను, ఇంటి వైపు నుంచీ చూస్తున్నాను.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఉపయోగం ఉంటుంది. నా దగ్గరికి ఇలాంటి ఇబ్బందితో వచ్చే తల్లుల్లో చాలామందికి ఆరు నుంచి ఎనిమిది సెషన్లు సరిపోతాయి. మూడో వారానికే సాయంత్రాల్లో కొంత తేడా కనిపిస్తుంది. అయితే ఒక షరతు ఉంది. ఆ కౌన్సెలింగ్ మీ నెత్తిమీది బరువు దించేదిగా ఉండాలి. "ఓపిక పట్టండి, ప్రేమగా చెప్పండి, రోజూ చార్టు గీయండి, పడుకునే ముందు కథ చెప్పండి" అని ఇంకో పది పనులు అప్పజెప్పి పంపించే చోటికి వెళ్తే మీరు ఇప్పటికంటే ఎక్కువ అలిసిపోతారు.

ఇది నేను నా తప్పు నుంచే నేర్చుకున్నాను. మొదటి రెండేళ్లూ నేను కూడా తల్లులకు ఒక కాగితం ఇచ్చేదాన్ని. పిల్లలతో ఎలా మాట్లాడాలో పన్నెండు సూచనలు ఉండేవి అందులో. ఒకావిడ మూడో వారం వచ్చి, నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితాన్ని పర్సులోంచి తీసి నా టేబుల్ మీద పెట్టి, "మేడం, ఇందులో మూడు కూడా చేయలేకపోయిన. నేను దీనికి సుత పనికిరాను" అంది. అప్పటికే తాను మంచి తల్లిని కాననుకుంటూ వచ్చిన మనిషికి, దానికి రుజువు నేనే రాసిచ్చాను. ఆ రోజుతో ఆ కాగితం ఇవ్వడం మానేశాను.

ఈ తల్లులకు ఓపిక తక్కువని అందరూ అనుకుంటారు, వాళ్లూ అదే అనుకుంటారు. నాకు అలా అనిపించదు. పొద్దున ఐదున్నరకు లేచి, టిఫిన్, బాక్సులు, జడలు, స్కూలు వ్యాను, ఆ తర్వాత ఇంటిపనో ఉద్యోగమో చేసి, అత్తమామల మందుల టైము కూడా గుర్తుంచుకునే మనిషికి ఓపిక లేదంటే ఎలా? అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. పిల్లాడికి లెక్క రాకపోతే జవాబు చెప్పాల్సింది అమ్మే అని ఇంట్లో, స్కూల్లో, వాట్సాప్ గ్రూపులో అందరూ కలిసి తేల్చేశారు. టీచర్ చేయాల్సిన పని ఆమెకు వచ్చి పడింది. దానికి శిక్షణ లేదు, జీతం లేదు, సెలవు లేదు. మార్కులు తగ్గితే నింద మాత్రం ఉంది. ఈ ఏర్పాటును కదపకుండా ఎంత ధ్యానం నేర్పినా అది రెండు రోజుల ముచ్చటే.

మొదటి సెషన్‌లో ఏం జరుగుతుంది?

ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. నేనైతే ముందుగా "నిన్న సాయంత్రం" అడుగుతాను. మీ చిన్నతనం, మీ పెళ్లి, ఇవన్నీ తర్వాత. నిన్న పిల్లలు గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర నుంచి లైటు ఆపే వరకు, గడియారం చూసి చెప్పినట్టుగా చెప్పమంటాను. నేను కాగితం మీద రాస్తూ పోతాను.

ఒక కేసు చెప్తాను. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ, కూతురు రెండో తరగతి. కాగితం మీద వచ్చింది ఇలా ఉంది. 4.20కి వ్యాను. 4.40కి పాప బిస్కెట్లు తిని టీవీ ముందు కూర్చుంది. 5 నుంచి 7 దాకా ఈవిడ మిషన్ మీదే, మర్నాటికి ఇవ్వాల్సిన జాకెట్లు రెండున్నాయి. 7.10కి కుక్కర్ పెట్టింది. 7.30కి హోంవర్క్ మొదలు. అంతకుముందు ఈవిడ తిన్నది ఎప్పుడు అంటే మధ్యాహ్నం ఒంటిగంటకు. పాప అప్పటికే ఆవలిస్తోంది. ఇచ్చింది తీసివేతలు. 52లోంచి 27 తీసేయాలి. పాప 35 అని రాసింది. అంటే 7లోంచి 2, 5లోంచి 2 తీసేసింది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడం ఆ వయసు పిల్లలు చాలామంది చేసే పొరపాటే. తల్లి "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలే" అని తనకు చిన్నప్పుడు నేర్పినట్టు చెప్పింది. పాప "మా టీచర్ అట్ల చెప్పలే" అంది. చెరిపించి రాయించింది. మళ్లీ 35. మళ్లీ చెరిపింది. నాలుగోసారి రబ్బరు రుద్దుతుంటే కాగితం చిరిగి రంధ్రం పడింది. సరిగ్గా అప్పుడే ఫోన్లో గ్రూపు మోగింది. ఎవరో తల్లి తన పిల్లాడు పూర్తిచేసిన పేజీ ఫొటో పెట్టింది, కింద వరసగా బొటనవేళ్లు.

వీపు మీద దెబ్బ పడింది ఆ నిమిషంలోనే.

ఇదంతా చెబుతున్నంతసేపూ ఆవిడ ఏడవలేదు. ఆ నోట్‌బుక్ చూపించి, రంధ్రం వెనక ఆ రాత్రి తాను తెల్లకాగితం ముక్క అంటించిన చోటు వేలితో తడుముతూ ఏడ్చింది. "టీచర్ చూస్తే ఏమనుకుంటదో అని అతికిచ్చిన మేడం" అంది.

అప్పుడు ఆ కాగితం ఆవిడ వైపు తిప్పి, "ఇందులో మీ ఓపిక లోపం ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఆవిడ చాలాసేపు చూసి, "తినకుండా కూసున్న" అంది. తర్వాత "7.30 మరీ లేటు" అంది. తర్వాత "ఆ లెక్క నేనెందుకు నేర్పాలె?" అంది. ఈ మూడో ప్రశ్న దగ్గరికి తల్లి తనంతట తాను రావాలి. కౌన్సెలింగ్‌లో సగం పని అదే.

తర్వాత మార్చినవి చాలా కొద్ది. హోంవర్క్ టైము 5 గంటలకు జరిగింది, మిషన్ పని ఆ తర్వాతకి. కూర్చునే ముందు తల్లీకూతుళ్లు ఇద్దరూ ఏదో ఒకటి తినాలి. 25 నిమిషాలు దాటితే పుస్తకం మూసేయాలి, లెక్కలు మిగిలినా సరే. గ్రూపు నోటిఫికేషన్లు ఆపేసింది, రాత్రి 9కి ఒక్కసారి చూసుకునేది. అన్నిటికంటే ముఖ్యంగా, రాని లెక్కను ఇంట్లో నేర్పడం మానేసి డైరీలో రాసి పంపింది. ఏం రాయాలో ఇద్దరం కలిసి అనుకున్నాం: "మేడం, పాప 25 నిమిషాలు కూర్చుంది. నాలుగు లెక్కలు చేసింది. అప్పు తెచ్చుకునే తీసివేత అర్థం కాలేదు. దయచేసి క్లాసులో ఇంకోసారి చెప్పండి." అంతే. క్షమాపణ లేదు, సంజాయిషీ లేదు. ఆ రెండు వాక్యాలు లేకుండా రాయడానికే ఆవిడకు పావుగంట పట్టింది. టీచర్ పుల్లలు పదేసి కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పించి చూపించిందట. వారంలో వచ్చేసింది.

ప్రతి టీచరూ ఇలా చేస్తారని చెప్పను. కొందరు "ఇంట్లో చూసుకోండి" అని తిప్పి పంపుతారు. అప్పుడు పేరెంట్స్ మీటింగ్‌లో ఎలా మాట్లాడాలో సెషన్‌లోనే రిహార్సల్ చేయిస్తాను. అందులో నేను టీచర్‌ని, ఆమె తల్లి. గొంతు వణక్కుండా "ఈ పాఠం క్లాసులో అర్థం కాలేదు" అని చెప్పడం చాలామందికి మూడు నాలుగుసార్లు చేస్తేగానీ రాదు.

హోంవర్క్ ఎంత ఉండాలో తెలుసుకుంటే మనసు సగం తేలికవుతుంది. కేంద్ర విద్యాశాఖ 2020లో స్కూల్ బ్యాగ్ విధానం విడుదల చేసింది. రెండో తరగతి వరకు హోంవర్క్ అసలు ఇవ్వొద్దని, మూడు నుంచి ఐదు వరకు వారం మొత్తానికి రెండు గంటలు మించొద్దని, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట అని అందులో ఉంది. మీ పాప యూకేజీ, అంటే ఆమెకు సున్నా. బాబుకు రోజుకు పాతిక నిమిషాలు కూడా పడదు. స్కూళ్లు దీన్ని పాటించడం లేదని నాకూ తెలుసు. దీన్ని పట్టుకుని స్కూలుతో కొట్లాడమని చెప్పడం లేదు. కానీ రోజూ రెండున్నర గంటలు పిల్లాణ్ణి కూర్చోబెట్టలేకపోతున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు చూడండి, ఆ రెండున్నర గంటల కొలతే తప్పు. ఆ కొలత మారితే మీరు ఓడిపోతున్నారన్న భావన కూడా మారుతుంది. పాప విషయంలో నా సలహా ఖచ్చితంగా చెప్తాను: యూకేజీ రాతపని ఇంట్లో ఆపేయండి. ఆ టైములో పాప మీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచినా, గిన్నెలు సర్దినా ఆ వయసుకు అదే చదువు.

ఇక మనసులో జరిగేదాని గురించి. 52లోంచి 27 తీయడం రాకపోతే అంత కోపం ఎందుకు వస్తుంది? నిజానికి ఆ నిమిషంలో తల్లికి కనిపించేది ఆ లెక్క ఒక్కటే కాదు. "ఇదే రాకపోతే ఎఫ్ఏ పరీక్షలు ఎలా రాస్తాడు, పదో తరగతి ఏం గట్టెక్కుతాడు, ఏ ఉద్యోగం వస్తుంది, నలుగురిలో మా పరువేం కాను" అని ఆలోచన పరుగెత్తుతుంది. నాలుగు సెకన్లలో పిల్లాడి ఇరవై ఏళ్ల జీవితం ముగిసిపోతుంది. చెయ్యి లేచేది ఆ భయంతోనే. సెషన్‌లో ఈ గొలుసును నెమ్మదిగా విప్పి, ఒక్కో మాటా కాగితం మీద పెడతాం. తర్వాత ఒక ప్రశ్న అడుగుతాను: "ఈ మాట మీకు ఎవరి గొంతులో వినిపిస్తోంది?" చాలామంది ఉలిక్కిపడతారు. కొందరికి అత్తగారి గొంతు, కొందరికి తోడికోడలిది. ఎక్కువ మందికి చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ నాన్న అన్న మాట. అది తన మాట కాదని తెలిసిన తర్వాత కూడా ఆ మాట వస్తూనే ఉంటుంది. కానీ వచ్చిన వెంటనే నమ్మేయడం తగ్గుతుంది.

దీంతో పాటు శరీరం ఇచ్చే సంకేతం పట్టుకోవడం నేర్పుతాం. కోపం ఉన్నట్టుండి రాదు. అరుపుకు ముందు ఒంట్లో ఏదో ఒకటి మారుతుంది. ఒకరికి పళ్లు బిగుసుకుంటాయి, ఒకరికి చెవులు వేడెక్కుతాయి, ఒకరు పెన్ను లాక్కుంటారు. మీ సంకేతం ఏదో మీరు గమనించుకుంటే, అది కనబడగానే "నీళ్లు తాగొస్తా నాన్నా" అని లేచి గది దాటండి. మెట్ల దగ్గరో బాల్కనీలోనో నిలబడి, లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు అంకెలు లెక్కపెడుతూ పది శ్వాసలు. బయటికి వదిలేది ఎక్కువసేపు ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ఇది కోపం వచ్చాక మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు. మామూలుగా ఉన్నప్పుడు వారం పాటు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని అలవాటు చేసుకోండి.

"నాకే రాదు, వాడికేం చెప్పను?" ఈ బాధ మీరు రాయలేదు, కానీ "తెలుగు మీడియంలో చదివాను" అని ఒక్క ముక్క రాశారు కాబట్టి చెప్తున్నాను. మన దగ్గర ఇది చాలా పెద్ద విషయం. దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. తల్లి తెలుగు మీడియంలో పదో, ఇంటరో చదివింది. పిల్లలు నర్సరీ నుంచీ ఇంగ్లీషు మీడియం. పాఠం తెలిసి కూడా పుస్తకం చూడగానే తనకేమీ రాదనుకుంటుంది. పిల్లలు కూడా నాలుగైదు తరగతులకొచ్చేసరికి "నీకు తెలీదులే అమ్మా" అనడం మొదలుపెడతారు. ఆ మాట తల్లిని ఎంత లోపల కోస్తుందో నేను ఎదురుగా కూర్చుని చూశాను.

ఒకావిడ కూతురు ఏడో తరగతి. సైన్స్ పుస్తకంలో ఫొటోసింథసిస్ పాఠం. ఆ పదం పలకడం రాక తల్లి పుస్తకం మూసేసి లోపలికి వెళ్లిపోయిందట. సెషన్‌లో ఆ పేజీ బొమ్మ చూపించి "ఇదేంటో తెలుగులో చెప్పండి" అన్నాను. బొమ్మ చూసి, ఒక్క క్షణం ఆగి, "కిరణజన్య సంయోగక్రియ" అని గడగడా చెప్పేసింది. ఆకు, పత్రహరితం, ఎండ, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్, పిండి పదార్థం, వదిలే ఆక్సిజన్, అన్నీ. పాతికేళ్ల కిందట ఏదో పల్లె బడిలో నేర్చుకున్నది ఒక్క ముక్క పోలేదు. ఆవిడకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రాత్రి కూతురికి తెలుగులో చెప్పింది, కూతురు దాన్ని ఇంగ్లీషులో రాసుకుంది. పాఠం ఇంటి భాషలో అర్థమైతే ఇంకో భాషలో రాయడం సులువవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా బోధన మాతృభాషలో ఉండాలనే అంటోంది. కాబట్టి ఇంగ్లీషు రాదని మీరు పక్కకు తప్పుకోవద్దు. మీ బాబు చదివింది తెలుగులో మీకు చెప్పాలి, మీరు వినాలి. అర్థం కాని చోట "అదెలాగ?" అని అడగాలి. వాడు చెప్పలేకపోతే వాడికి రాలేదని అర్థం. టీచర్ పని మీరు నెత్తిన వేసుకోకుండానే వాడి చదువులో ఉండే దారి ఇదే.

కౌన్సెలింగ్ మీకా, బాబుకా? మొదట మీకు. కానీ బాబును ఒకసారి చూపించాల్సిందే, అది కౌన్సెలింగ్ కోసం కాదు, పరీక్ష కోసం. కళ్లు, చెవులు ముందు. నా దగ్గరికి "బోర్డు మీది రాసుకురాడు, బద్ధకం, దిక్కులు చూస్తాడు" అని తీసుకొచ్చిన ఒక బాబుకు మూడో సెషన్ దాకా నేనూ ప్రవర్తన గురించే ఆలోచించాను. చివరికి కంటి డాక్టర్ దగ్గరికి పంపితే మైనస్ రెండున్నర అద్దాలు పడ్డాయి. అప్పటి నుంచి ఎవరొచ్చినా కంటి పరీక్ష చీటీ ఉందా అని మొదటి రోజే అడుగుతున్నాను.

కళ్లు, చెవులు బాగానే ఉండి, నోటితో అడిగితే అన్నీ చెప్పే పిల్లవాడు రాయమంటే తడబడుతుంటే, ఒత్తులు, గుణింతాలు నెలల తరబడి నేర్పినా నిలవకపోతే, ఇంగ్లీషులో బీ, డీ అక్షరాలు ఎనిమిదేళ్లు దాటాక కూడా తారుమారవుతుంటే, చదివేటప్పుడు లైన్లు దాటేస్తుంటే, అభ్యసన వైకల్యం ఉందేమో క్లినికల్ సైకాలజిస్టుతో పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఉంది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. హైదరాబాద్ దగ్గర వాళ్లకు బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా ఉండే, పిల్లల ఎదుగుదల ఇబ్బందులను తొందరగా గుర్తించే డైక్ సెంటర్‌లో అడగండి. వాడికి నిజంగా అలాంటి ఇబ్బంది ఉంటే మీరెంత మంచిగా కూర్చోబెట్టినా గొడవ తగ్గదు. ఇద్దరూ ఒకరినొకరు నిందించుకుంటూ ఉంటారు.

మీవారు కూడా ఒక్క సెషన్‌కైనా రావాలి. "కౌన్సెలింగ్‌కి వెళ్లు" అన్నారని రాశారు. ఆ మాట ప్రేమతోనే అని ఉండొచ్చు. కానీ విన్నవాళ్లకు "లోపం నీలో ఉంది, బాగుచేయించుకుని రా" అన్నట్టుంటుంది. నేను భర్తలను పిలిచి పాఠాలు చెప్పను. ఆ "నిన్న సాయంత్రం" కాగితం వాళ్ల చేతికి ఇచ్చి చదవమంటాను. తర్వాత వారంలో ఒక రోజు పూర్తిగా ఆయనకు అప్పజెప్తాం. డైరీ చూడటం నుంచి బ్యాగు సర్దడం దాకా అంతా ఆయనే. ఆ గంటసేపు భార్య ఆ గదిలో ఉండకూడదు, ఇది గట్టి నియమం. పక్కనుంటే ఇద్దరూ పాత పాత్రల్లోకి వెళ్లిపోతారు. ఒకాయన రెండు గురువారాలు చేశాక వచ్చి, "మేడం, నాకు ఇరవై నిమిషాల్లో కోపం వచ్చింది. ఆమె ఐదేళ్లుగా చేస్తోంది" అన్నాడు. నేను ఆ ఇంట్లో మూడు నెలల్లో చేసేది ఆ ఒక్క మాట చేసింది. షిఫ్టుల వల్లో దుబాయ్‌లో ఉండటం వల్లో భర్త అందుబాటులో లేని ఇళ్లలో మామగారో, మేనత్తో, పక్కింటి డిగ్రీ అమ్మాయో ఆ ఒక్క రోజు తీసుకున్నారు. ట్యూషన్ పెట్టడం తప్పా అని కూడా అడుగుతారు. స్తోమత ఉండి, దగ్గర్లో నలుగురైదుగురు పిల్లలున్న చిన్న ట్యూషన్ దొరికితే పెట్టండి. తల్లిగా ఓడిపోయినట్టేం కాదు.

ఇంకొక విషయం చాలామంది కౌన్సెలర్లు కూడా వదిలేస్తారు. రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 8 ఉన్న మనిషి సాయంత్రం 7 గంటలకు చిన్న శబ్దానికే చిరాకు పడితే అది స్వభావం అనుకుంటాం. ఐరన్ మాత్రలు వాడాక "మేడం, గొంతు లేవడమే తగ్గింది" అన్న వాళ్లున్నారు.

రెండు వారాలకు మించి నిద్ర సరిగ్గా పట్టకపోవడం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, ఆకలి పోవడం, "నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు" అనే ఆలోచన రావడం ఉంటే అది హోంవర్క్ టెన్షన్‌ని దాటిపోయిన విషయం. సెషన్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా సైకియాట్రిస్టును కలవండి. రాత్రి ఏ వేళైనా 14416కి ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీరు ఏడుస్తున్నానని రాశారు కానీ ఎన్నాళ్ల నుంచో రాయలేదు. పై లక్షణాల్లో ఏదైనా ఉంటే ఇదే ముందు చేయండి, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అంటే, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడం అమర్యాద కాదు. కౌన్సెలర్ అయితే ఏం చదివారు, పిల్లలతోనూ తల్లులతోనూ ఎన్నేళ్లు పనిచేశారు అని అడగండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మానసిక విభాగంలో ఓపీ చీటీతో చూస్తారు, జనం ఎక్కువ ఉంటారు కాబట్టి మాట్లాడే టైము తక్కువ దొరుకుతుంది. ఫోన్లో, వీడియోలో సెషన్లు కూడా బాగానే పనిచేస్తాయి, కానీ ఇంట్లో అత్తగారు వినే గదిలోంచి మాట్లాడితే మీరు అసలు విషయం చెప్పలేరు. నా దగ్గర ఒకావిడ స్కూలు బయట పార్క్ చేసిన స్కూటీ మీద కూర్చుని ఎనిమిది సెషన్లూ చేసింది. రెండు సెషన్ల తర్వాత కూడా మీకు చేసే పనులు పెరిగాయే తప్ప తగ్గలేదనిపిస్తే ఆ మాట కౌన్సెలర్‌కే చెప్పండి. మారకపోతే వేరే వాళ్లను చూసుకోండి.

ఇక మీ చివరి ప్రశ్న. కొట్టానని చెబితే తప్పుగా చూస్తారా?

చూడరు. చూసే వాళ్లు ఈ పనికి తగరు. ఈ మాట నా ముందు వందల మంది తల్లులు చెప్పారు. అందరూ తల దించుకునే చెప్పారు, అందరూ తామొక్కరే ఇలా చేస్తున్నామనుకున్నారు. మీరు చెప్పింది బయటికి పోదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ గోప్యతను మీ హక్కుగా రాసింది. పిల్లవాడి ప్రాణానికి ముప్పు లాంటి పరిస్థితి ఉంటే తప్ప దాన్ని దాటరు. కాబట్టి దాచకండి. దాస్తే ఆరు సెషన్లూ ఓపిక గురించి మాట్లాడుకుంటూ గడిచిపోతాయి. కొట్టడం ఆగాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఆగేది మాత్రం సిగ్గుతో కాదమ్మా. కొట్టడానికి ముందున్న ఆ మూడు గంటల్ని మారిస్తే ఆగుతుంది.

సెషన్ దొరికేలోపు ఈ రాత్రి ఒక్క పని చేయగలిగితే చేయండి. పిల్లలు పడుకునే ముందు బాబు పక్కన కూర్చుని, "మొన్న నిన్ను కొట్టాను నాన్నా. అది నా తప్పు. నీకు లెక్క రాకపోవడం తప్పు కాదు" అనండి. దాని వెనక "కానీ నువ్వు కూడా" అని కలపొద్దు, ఎంత నాలుక చివరికి వచ్చినా సరే. వాడు ఏమీ అనకపోవచ్చు, అటు తిరిగి పడుకోవచ్చు, ఉన్నట్టుండి రేపు బాక్సులో ఏం పెడతావని అడగొచ్చు. అడిగిన దానికి జవాబు చెప్పి లైటు ఆపేయండి. డైరీ పొద్దున చూసుకోవచ్చు.